కార్తీకంలో పెంచలకోన వాగు వెంట నడవవచ్చా, సంక్రాంతి దాకా ఆగాలా?

నెల్లూరు నుంచి, చర్చ ప్రారంభించినవారు:

మా కుటుంబాలవాళ్లం పదకొండు మందిమి కార్తీకమాసంలో ఒక ఆదివారం వెలికొండల్లోని పెంచలకోన వెళ్లి, నరసింహస్వామి దర్శనం చేసుకొని, అక్కడినుంచి వాగు వెంట జలపాతం వైపు నడిచి, సాయంత్రానికి తిరిగి రావాలనుకుంటున్నాము. అది అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి కోరుతున్నాము. మాలో ఇద్దరు పదో తరగతి పిల్లలు, అరవై రెండేళ్ల మా బాబాయి ఉన్నారు. అందరూ రోజూ నడిచే అలవాటున్నవారే. నీళ్లు నిండుగా ఉండగానే చూడాలని ఇంట్లో సగంమంది, వానలు తగ్గాక సంక్రాంతి తరువాత వెళ్లాలని మిగతావారు పట్టుబడుతున్నారు. అనుభవమున్నవారు కారణాలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కావలి నుంచి:

కార్తీకంలోనే వెళ్లండి. మన వైపు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి కోన నిండుగా పారేది అప్పుడే. సంక్రాంతి దాటాక ధార సన్నబడుతుంది, రాళ్లు పైకి తేలుతాయి. వాతావరణ శాఖ హెచ్చరికలు ఇప్పుడు ఫోనులోనే వస్తున్నాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం లేని వారం చూసుకుంటే చాలు. వనభోజనాలకు కార్తీకమే అదను. ప్రతి ఏడూ భయపడి వాయిదా వేస్తే పిల్లలు నిండు కోనను ఎప్పుడు చూస్తారు?

రాపూరు ప్రాంతం నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు:

కావలి వారు చెప్పిన వానల లెక్క సరైనదే. నా అభ్యంతరం కూడా ఆ లెక్కలోనే ఉంది. కార్తీకం నాటికి వెలికొండల మీద వారాల తరబడి వానలు పడి ఉంటాయి. ఆ వాలుల్లో బండే ఎక్కువ, మట్టి పొర పలుచన. అది ఒకసారి తడిసి నిండాక, ఆ పైన కురిసిన వాన ఇంకకుండా నేరుగా వాగులోకి దిగుతుంది. కోన అడుగున నడుస్తున్నవారికి ఇరువైపులా గట్లు తప్ప శిఖరం మీది మబ్బు కనిపించదు. ఫోనులో వచ్చే హెచ్చరిక జిల్లాకు గాని మండలానికి గాని వర్తిస్తుంది, ఒక శిఖరం మీద ముప్పావుగంట కురిసే వానను పట్టి చెప్పదు.

పన్నెండేళ్ల కిందట వెలికొండల్లోనే మరో కోనకు ఎనిమిది మందిమి వెళ్లాము. ఉదయం పది గంటలకు వాగు దాటినప్పుడు నీళ్లు పిక్కల లోతున ఉన్నాయి. అవతలి ఒడ్డున పులిహోర విప్పుకొని కూర్చున్నాము. నా మనవడు నీటి అంచున ఐదు గులకరాళ్లు వరుసగా పేర్చుకొని ఆడుతున్నాడు. మా మీద చినుకు కూడా లేదు. కాసేపటికి వాడు "తాతా, ఒక రాయి మునిగింది" అన్నాడు. నేను పట్టించుకోలేదు. రెండోది, మూడోది మునిగాక లేచి చూస్తే తేటగా ఉన్న నీరు బియ్యం కడిగిన నీళ్లలా మారి, ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయి. మేము మూటలు సర్దుకునేలోపు మోకాళ్లు దాటింది. పారే నీరు మోకాలి లోతు ఉంటే మనిషి కాలు నిలవదు. అందువల్ల దాటే ప్రయత్నం మానుకొని ఎత్తైన బండ ఎక్కి నాలుగు గంటలు కూర్చున్నాము. వాగు తగ్గేసరికి చీకటి పడింది. మా దగ్గర ఉన్నది ఒకే టార్చి. ఆ పిల్లవాడు రాళ్లు పేర్చకపోయి ఉంటే నీరు పెరగడం గమనించకుండా నేను మావాళ్లందరినీ వాగులోకి దింపి ఉండేవాడిని. ఇప్పటికీ ఆ ఆలోచన వస్తే నాకు నిద్ర పట్టదు.

పైన కురిసిన వాన కింద ఏం చేస్తుందో 2021 నవంబరులో మనమందరం చూశాము. పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నా వరదకు కోవూరు వైపు జాతీయ రహదారి, రైలుమార్గం దెబ్బతిన్నాయి. వాగు చిన్నదే కావచ్చు, కాని పద్ధతి అదే.

మరో మాట. మైదానంలో గంటకు ఐదు కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా ఒక గంట అని 1892లో స్కాట్లండుకు చెందిన నైస్మిత్ చెప్పిన లెక్కను నడకవాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు. బండరాళ్ల మీద అది పనికిరాదు. అక్కడ ఒక్క కిలోమీటరుకే గంట పట్టవచ్చు, అందులోనూ మీ బాబాయిగారి నడకే మీ అందరి నడక. కోనకు పడమట కొండ ఉన్నందువల్ల ఎండ పెందలాడే తప్పుకుంటుంది. నవంబరు చివర ఐదున్నర దాటగానే పొద్దుగుంకుతుంది. ఏడింటికి బయలుదేరితే, జలపాతం కనిపించినా కనిపించకపోయినా పదకొండున్నరకు వెనుదిరగాలి. ఈ గడియారం మాట పిల్లలకు బయలుదేరకముందే చెప్పండి, అక్కడికి వెళ్లాక చెబితే ఎవరూ వినరు.

ఒంగోలు నుంచి:

మాస్టారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, కాని జనవరి అంటే ప్రమాదం లేదనుకోవద్దు. నీరు తగ్గిన బండలపై పాచి జారుతుంది. చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి, అవి తడుస్తాయని విప్పి చేత పట్టుకోవద్దు. మనిషికి మూడు లీటర్ల నీరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంచుకోండి. పాము కాటేస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం చేయకుండా ఆ మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఫిబ్రవరి దాటించవద్దు, గడ్డి ఎండితే మంట భయం ఉంటుంది. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో నడకకు వెళ్లినవారు కార్చిచ్చుకు బలైన సంగతి గుర్తుండే ఉంటుంది.

కార్తీకంలోనే నీటిధార చూడాలంటే మా వైపు భైరవకోనకు రండి. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు ఉన్నాయి, జలపాతం ఆ గుహల దగ్గరే ఉంది. అక్కడ వాగులో గంటలకొద్దీ నడవవలసిన పని లేదు.

కావలి నుంచి:

మాస్టారూ, గులకరాళ్ల సంగతి చదివాక పిల్లలను తీసుకువెళ్లమని నేను చెప్పలేను. వెనుదిరిగే వేళ ముందే ఖాయం చేసుకోవాలన్నదీ ఒప్పుకుంటున్నాను. అయితే కార్తీకంలో పది రోజులు చినుకు లేని వారాలూ వస్తాయి. అటువంటప్పుడు పెద్దవాళ్లు వెళ్లడంలో తప్పు లేదనే ఇప్పటికీ నా అభిప్రాయం.

రాపూరు ప్రాంతం నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు:

అటువంటి వారం దొరికితే పెద్దవాళ్లు వెళ్లవచ్చు, కాని వాగు దాటవలసిన మొదటి చోటనే ఆగి తిరిగి రావాలి. దాటిన తరువాత తిరుగుదారి మన చేతిలో ఉండదు. స్థానికంగా దారి తెలిసిన మనిషిని వెంట పెట్టుకోండి, అతను వద్దంటే మారు మాట్లాడకండి.

నెల్లూరు నుంచి, చర్చ ప్రారంభించినవారు:

ఈ మాటలన్నీ ఇంట్లో చదివి వినిపించాను. కార్తీకంలో ఆలయం దగ్గర ఉసిరిచెట్టు ఉన్నచోట వనభోజనం చేసి వచ్చేస్తాము. వాగు వెంట నడకకు జనవరి చివరి ఆదివారం అనుకున్నాము, అనుమతి కూడా ఆ తేదీకే అడుగుతాము. ప్రతి ఇద్దరికీ ఒక టార్చి కొంటున్నాము. నీటి అంచున రాళ్లు పేర్చి కనిపెట్టే పని మా పెద్దవాడు తనకే ఇవ్వమన్నాడు.