బావి ఈతతో ట్రయథ్లాన్ చేయొచ్చా? మొదటిది పూర్తి చేసినవాళ్ళు చెప్పండి

దేవరకద్ర పరుగు:
అన్నలూ అక్కలూ నమస్తే. మాది దేవరకద్ర దగ్గర ఊరు, ఉద్యోగం మహబూబ్‌నగర్‌లో, వయసు 31. మూడేళ్ళ నుంచి పరుగెత్తుతున్నా, 10 కిలోమీటర్లు గంట లోపు అయిపోతుంది. ఇప్పుడు హైదరాబాద్ వైపు జరిగే ఒక స్ప్రింట్ ట్రయథ్లాన్‌కు పేరిచ్చాను. అంటే ఒకదాని వెంట ఒకటిగా 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఇంకా పది వారాలుంది.

నా భయమంతా ఈత గురించే. చిన్నప్పుడు మా బాపు నడుముకు బెండ్లు కట్టి మోటబావిలో దింపి నేర్పించాడు. ఇప్పటికీ గడ్డ మీది నుంచి దూకుతా, అడుగు దాకా మునిగి మట్టి పట్టుకొస్తా. కానీ మొన్న స్విమ్మింగ్ పూల్‌కు పోతే 50 మీటర్లకే ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నా. పరుగులో రాని ఆయాసం ఇక్కడ ఎందుకు వస్తుందో అర్థం కావట్లేదు. ప్రాక్టీస్‌కు మా దగ్గరి కోయిల్‌సాగర్ రిజర్వాయర్‌లో దిగుదామా అని కూడా ఆలోచిస్తున్నా. సైకిల్ మామూలు హైబ్రిడ్. "ఇది ముందే తెలిసుంటే బాగుండు" అని మీకు అనిపించినవి చెప్పండి.

పానగల్లు కట్ట:
తమ్ముడూ, నాది కూడా బావి ఈతే, నల్లగొండ పక్కన. పోయిన ఏడాది నా మొదటి స్ప్రింట్ చేశాను, నువ్వు చెప్పిన ఆయాసం నాకు బాగా తెలుసు. బావిలో మనం తల నీళ్ళ పైన పెట్టి కొడతాం. తల లేస్తే నడుము, కాళ్ళు కిందికి జారతాయి, ఇక బలమంతా మునగకుండా ఉండటానికే సరిపోతుంది. ఇంకోటి, బావి ఎంత పెద్దదైనా ఈ దరి నుంచి ఆ దరికి పది పన్నెండు మీటర్లు, ఊపిరి బిగబట్టి కొట్టేస్తాం. నీళ్ళలో ఊపిరి వదలడం మనకు ఎవరూ నేర్పలేదు. ముఖం నీళ్ళలో ఉన్నంతసేపు బుడగలు వదులుతూనే ఉండాలి, తల పక్కకు తిప్పినప్పుడు పీల్చుకోవడం ఒక్కటే పని. నాకు ఇది అలవాటు కావడానికి నెల పట్టింది. మొదటి రెండు వారాలు దూరం లెక్కపెట్టనే వద్దు. తర్వాత 25 మీటర్ల పూల్ అయితే 30 సార్లు దాటితే 750, అది ఆగకుండా వచ్చిన రోజు నీకే ధైర్యం వస్తుంది.

అయితే పూల్‌లో 750 వచ్చినా రేసు రోజు నేను భయపడ్డాను. చెరువు నీళ్ళు మబ్బుగా ఉంటాయి, కింద గీత కనపడదు, ఎటు పోతున్నామో తెలియడానికి నాలుగైదు బారలకోసారి తల కొద్దిగా ఎత్తి బూయ్ (దారి చూపడానికి నీళ్ళ మీద తేలేలా కట్టిన గుర్తు) చూసుకోవాలి. ఈల వేయగానే అందరూ ఒకేసారి దూకారు, పక్కాయన చెయ్యి మొహానికి తగిలి ఈత కళ్ళద్దాలు జారాయి, గుండె దడదడ మొదలైంది. వంద మీటర్లు కూడా కాలేదు, వెనక్కి పోదామనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, రేసుకు ముందు చెప్పారు: పడవనో బూయ్‌నో పట్టుకుని ఆగొచ్చు, దాన్ని పట్టుకుని ముందుకు మాత్రం పోవద్దు. పడవ పట్టుకున్నా, పది సార్లు నిదానంగా ఊపిరి తీసుకున్నా, వెల్లకిలా తిరిగి కాసేపు తేలా. అక్కడి నుంచి కొంత ఫ్రీస్టైల్, కొంత కప్ప ఈత. ఏ ఈత కొట్టినా నియమం ఒప్పుకుంటుంది. 26 నిమిషాల్లో ఒడ్డుకు చేరా. మరీ కష్టమైతే చెయ్యి పైకెత్తు, వాళ్ళు వస్తారు. నువ్వు మొదలయ్యేటప్పుడు గుంపు పోనిచ్చి పక్క నుంచి, వెనక నుంచి దిగు, పోయేది అర నిమిషమే.

కోయిల్‌సాగర్ మాట మరిచిపో తమ్ముడూ, ఒక్కడివే అసలే వద్దు. మా వైపు సాగర్ కాలువ ఉంది, పైకి నిదానంగా కనిపిస్తుంది, లోపల గుంజుతుంది, సిమెంటు ఒడ్డుకు పాకుడు పట్టి చేతికి పట్టు దొరకదు. మంచి ఈతగాళ్ళే పోయారు అందులో. ఉదయసముద్రం మా ఇంటికి దగ్గరే, అది తాగునీళ్ళ చెరువు, నేను దాని కట్ట మీద పరుగెత్తుతా అంతే. తెరిచిన నీళ్ళలో ప్రాక్టీస్ కావాలంటే కోచ్, పడవ ఉన్న చోట, నడుముకు రంగు తేలుడు బుడ్డ కట్టుకుని, నలుగురితో కలిసి దిగు.

పిల్లలమర్రి నీడ:
పైన అన్న ఈత గురించి అంతా చెప్పేశారు, నేను మిగతాది చెప్తా. మాది మహబూబ్‌నగరే తమ్ముడూ. నాకు దెబ్బ పడింది ఈతలో కాదు, మధ్యలో. నీళ్ళలోంచి వచ్చి సైకిల్ తీసుకునే చోటును టీ1 అంటారు, సైకిల్ పెట్టి పరుగుకు పోయేది టీ2. హెల్మెట్ పెట్టి క్లిప్పు వేశాకే సైకిల్ ముట్టుకోవాలి, తిరిగొచ్చాక సైకిల్ స్టాండుకు తగిలించాకే క్లిప్పు తీయాలి. నేను క్లిప్పు వేయకుండా సైకిల్ పట్టుకున్నా, అక్కడున్న రెఫరీ ఆపి సరిచేయించారు. ఆ టెన్షన్‌లో, సైకిల్ ఎక్కడానికి గీసిన గీత దాటకముందే ఎక్కబోయా, మళ్ళీ ఆపారు. ఇంటి వాకిట్లో టవల్ పరిచి, దాని మీద బూట్లు, హెల్మెట్, నంబరు బెల్టు వరసగా పెట్టుకుని పది సార్లు చేసి చూడు. రేసు రోజు పొద్దున నీ స్టాండు ఎన్నో వరసలో ఉందో నీళ్ళ వైపు నుంచి నడుస్తూ లెక్కపెట్టుకో, తడి కళ్ళతో వచ్చినప్పుడు అన్ని సైకిళ్ళూ ఒకేలా కనపడతాయి.

ఇంక పరుగు. నువ్వు పరుగు మనిషివి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకుంటావేమోనని భయం. సైకిల్ దిగి పరుగెత్తితే మొదటి కిలోమీటరు కాళ్ళు మనవి కానట్టే ఉంటాయి, తొడలు బిగుసుకుపోయి అడుగు పడదు. దీన్ని అలవాటు చేసుకోవడానికి వారానికోసారి సైకిల్, పరుగు కలిపి చేయాలి, బ్రిక్ అంటారు. నేను ఆదివారం తెల్లారి భూత్పూర్ వైపు 15 కిలోమీటర్లు తొక్కి వచ్చి, ఇంటి ముందు సైకిల్ ఆనించి, నీళ్ళు కూడా తాగకుండా 2 కిలోమీటర్లు పరుగెత్తేదాన్ని. ఆరేడు సార్లు చేశాక రేసులో ఆ మొద్దుతనం పావుగంట ఉండాల్సింది ఐదు నిమిషాల్లో వదిలింది. కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చీకట్లో వాటి మీదికి పోతే సైకిల్ జారుతుంది, ముందర లైటు పెట్టుకో.

ట్రైసూట్, అంటే మూడింటికీ పనికొచ్చే ఒంటికి అతుక్కునే బట్ట, తప్పనిసరి కాదు. కానీ ఈత నుంచి పరుగు దాకా ఒంటి మీద ఒకే బట్ట ఉండాలి, మధ్యలో మార్చుకునే వీలుండదు. ఆడవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, నేను చేతులు, మోకాళ్ళు కప్పేది వేసుకుని చేశాను, ఎవరూ ఏమీ అనలేదు. మెడకు, చంకలకు, తొడలకు వాజిలైన్ బాగా రాయండి.

మిర్యాలగూడ గాలి:
నేను స్ప్రింట్ తర్వాత గోవాలో 70.3 చేశాను, అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు, మొత్తం 70.3 మైళ్ళు, అందుకే ఆ పేరు. నా మొదటి స్ప్రింట్‌లో చేసిన తప్పు తిండి. ఎవరో ఇచ్చిన ఎనర్జీ జెల్ (శక్తి కోసం తినే తియ్యటి పేస్టు) మొదటిసారి రేసులోనే తిన్నా, పరుగులో కడుపు తిప్పింది. రోజూ తినేదే తిను. నేను ఇప్పుడు మూడు గంటల ముందు రాగి జావ, అరటిపండు, సైకిల్ మీద ఓఆర్ఎస్. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్ళలోనే కలుపు, సగం నీళ్ళలో కలిపితే కడుపు ఒప్పదు. స్ప్రింట్‌కు ఇంతకన్నా అక్కర్లేదు.

హైబ్రిడ్ చాలు. టైర్ల గాలి, బ్రేకులు ముందు రోజే చూసుకో, ఒక ట్యూబు వెంట ఉంచుకుని మార్చడం నేర్చుకో, మన రోడ్ల పక్కన సర్కారు తుమ్మ ముండ్లు ఎట్లుంటాయో తెలుసు కదా. ముందర పోయేవాళ్ళ వెనక చక్రానికి అతుక్కుని గాలి తప్పించుకోవడం చాలా రేసుల్లో నిషేధం, ఎంత దూరం వదలాలో రేసుకు ముందు అడుగు.

దేవరకద్ర పరుగు:
అందరికీ చాలా థ్యాంక్స్. కోయిల్‌సాగర్ ఆలోచన మానేశాను, రేపటి నుంచి పూల్‌లో పొద్దున బ్యాచ్. నిన్న బుడగలు వదలడం ఒక్కటే అరగంట చేశా, 50 మీటర్లు ఆగకుండా వచ్చింది, ఆయాసం సగమే. కళ్ళద్దాల్లోకి నీళ్ళు పోతే రేసులో ఏం చేయాలి అన్నా?

పానగల్లు కట్ట:
వెల్లకిలా తిరిగి, ఒక అంచు ఎత్తి నీళ్ళు వదిలి మళ్ళీ నొక్కుకో. పూల్‌లో కావాలనే నీళ్ళు నింపుకుని ఒక దరి ఈదు, రెండు రోజుల్లో భయం పోతుంది. అద్దాల పట్టీ టోపీ కింద పెట్టుకో, చెయ్యి తగిలినా ఊడిపోదు.