ఏకపక్షమా, ఏకగ్రీవమా, ఒంటెద్దు పోకడా?

మొన్న హనుమకొండలో మా కాలనీ గేటుకు ఒక కాగితం అంటించారు. "నీళ్ల చార్జి 150 నుంచి 250 రూపాయలకు పెంచుటకు కమిటీ ఏకపక్షముగా తీర్మానించినది." రాసినాయన మనసులో ఉన్నది 'ఏకగ్రీవం'. కానీ మమ్మల్నెవరినీ అడగలేదు కాబట్టి పెన్ను జారి నిజం రాసేసింది.

రెండింట్లోనూ 'ఏక' ఉండటమే ఈ తికమకకు మూలం. గ్రీవం అంటే మెడ, సుగ్రీవుడి పేరులో ఉన్నదీ అదే. అందరి మెడలూ ఒక్కటిగా ఊగితే ఏకగ్రీవం. 2019 జనవరిలో సర్పంచ్ ఎన్నికలప్పుడు బరిలో ఒక్కరే మిగిలిన ఊళ్లలో ఈ మాట బాగా వినబడింది. పక్షం అంటే వైపు, రెక్క కూడా. అంటే ఏకపక్షం అనాలంటే ముందు రెండో వైపు ఒకటి ఉండాలి, ఆ వైపు వాళ్లను అడగకుండా తేల్చేసి ఉండాలి. నా చొక్కా రంగు నేనొక్కణ్నే ఎంచుకుంటే అది ఏకపక్షం కాదు. (మా ఆవిడ ఒప్పుకోదు, అది వేరే సంగతి.)

ఈ మాట ప్రతిచోటా తిట్టు కాదు. సమన్లు అందినా ప్రతివాది కోర్టుకు రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ ఇస్తారు, దాన్నే ఏకపక్ష డిక్రీ అంటాం. రాలేకపోవడానికి తగిన కారణం చూపిస్తే 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం రద్దు చేయించుకోవచ్చు. అక్కడ తప్పు తీర్పు చెప్పినవారిది కాదు. మ్యాచ్ ఏకపక్షంగా సాగిందన్నా అంతే.

వ్యాఖ్య: సార్, మా పరకాల దిక్కు ఏకపక్షం అని ఎవరంటరు? "ఎవ్వలనడిగి చేసిండు?" అంటరు, అయిపాయె. గని ఒంటెత్తు పోకడ, ఒంటెద్దు పోకడ, రెంట్ల ఏది రాయాలె?

జవాబు: అన్నా, మీ పరకాల మాట ముందు నా వివరణంతా దండగ! పేపర్లలో రెండూ కనబడతాయి. నేను మాత్రం ఒంటెద్దు అనే రాస్తాను, బొమ్మ కళ్ల ముందు నిలబడుతుంది కాబట్టి. జోడెడ్లలో ఒకటి గట్టు మీది గడ్డికి మెడ చాచినా కాడికి అవతల ఉన్నది కదలనివ్వదు. ఒంటెద్దుకు పక్కన గుంజేది ఉండదు. అయితే ఏకపక్షం బదులు దీన్ని ఎక్కడపడితే అక్కడ వాడకూడదు. ఏకపక్షం ఒక్క నిర్ణయానికి చెల్లుతుంది, ఒంటెద్దు పోకడ అలవాటుకు. మా కమిటీ అడగకుండా చార్జి పెంచడం ఇది మూడోసారి, ఏ మాట వాడాలో మీరే చెప్పండి.

అన్నట్టు, పొద్దున చూశాను. కాగితం మీద 'పక్ష' కొట్టేసి పైన 'గ్రీవ' అని రాశారు. 250 మాత్రం అలాగే ఉంది.