మారిషస్ మార్చి 12: పాప ప్రసంగానికి మీ ఇంటి పెద్దల జ్ఞాపకాలు కావాలి

నమస్తే అండి. మేం కాకినాడ నుంచి మారిషస్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఇక్కడి స్వాతంత్ర్య దినం మార్చి 12. ఆ రోజు గురించి బడిలో రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడమని మా పాపకి తెలుగు టీచరుగారు చెప్పారు. నిన్న రాత్రి కూర్చుని జెండా గీసింది. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ చారలు. నీలం క్రేయాన్ సగం అరిగిపోయింది. "సముద్రం కదా నాన్నా, గట్టిగా వేయాలి" అంది.

1930 మార్చి 12న గాంధీజీ దండి యాత్ర మొదలుపెట్టారు. ఆ గౌరవంతోనే 1968లో ఇదే తేదీ ఎంచుకున్నారని చెబుతారు. 2024లో మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, 2025లో ప్రధాని మోదీ ముఖ్య అతిథులుగా వచ్చారు. కానీ ఇంతే చెబితే వార్తలు చదివినట్టుంటుంది.

1968లో పోర్ట్ లూయిస్‌లోని షాన్ ద మార్స్ మైదానంలో బ్రిటిష్ జెండా దించి ఈ జెండా ఎగరేసినప్పుడు చూసిన తెలుగు పెద్దలు మీ ఇళ్లలో ఉన్నారా? ఏం చెప్పేవారు? ఆ పూట ఇంట్లో ఏం వండారు? మనవాళ్లని ఇక్కడ కోరంగీలు అనేవారట, కోరంగి రేవులో ఓడెక్కారని. ఆ రేవు మా ఊరి పక్కనే. ఆ మాట విన్నప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

ఇంకొకటి. పాప చేతికి రెండు దేశాల జెండాలూ ఇవ్వాలని ఉంది. బడిలో ఎవరైనా తప్పుగా అనుకుంటారా? అదే టెన్షన్. ఇక్కడ పిల్లల్ని చదివించినవాళ్లు సోమవారం లోపు చెప్పగలరా?