ఫ్యాషన్ ఎడిటర్ల డాక్యుమెంటరీ చూపించి ఇరుక్కున్నాను, కాస్త సాయం చేయండి

నమస్కారమండీ. మాది విజయవాడ. కుట్టు, డిజైనింగ్ నేర్చుకునే అమ్మాయిలకు శనివారం క్లాసు చెబుతాను. మొన్న ‘ది సెప్టెంబర్ ఇష్యూ’ చూపించాను. అమెరికా ఫ్యాషన్ పత్రిక వోగ్, దాని అప్పటి ఎడిటర్ ఆనా వింటూర్ మీద 2009లో వచ్చిన డాక్యుమెంటరీ. అవగానే మంగళగిరి నుంచి వచ్చే అమ్మాయి, “మేడమ్, ఆ టెన్నిస్ ఆడే ఆయన తప్ప నల్లవాళ్లెవరూ గుర్తుకే రావట్లేదు. మన బీసెంట్ రోడ్డు చీరల షాపుల బోర్డులూ అంతేగా?” అంది. ఆయన ఆండ్రే లియోన్ టాలీ, అప్పట్లో ఆ పత్రిక ఎడిటర్లలో ఒకరు. నాకు నోరు పెగల్లేదు. నేనూ చామనఛాయే, పెళ్లిచూపుల్లో పడ్డ మాటలు ఇంకా మర్చిపోలేదు.

ఆ పత్రిక ముఖచిత్రం మీదికి తొలి నల్లజాతి మహిళ బెవర్లీ జాన్సన్ 1974లో వచ్చిందనీ, ముఖచిత్రం తీసే అవకాశం నల్లజాతి ఫొటోగ్రాఫర్‌కు 2018లోగానీ రాలేదనీ చెప్పాను. మధ్యలో 44 ఏళ్లు! కానీ పిల్లలకు అవి దూరపు కబుర్లు.

తెలుగు పత్రికల్లో పనిచేసినవాళ్లెవరైనా ఉన్నారా? కవర్ మీద ఎవరి ముఖం వేయాలో అసలు ఎవరు తేలుస్తారు? ఎడిటరా, ప్రకటనలవాళ్లా? ఇంకోటి, క్లాసులో నల్లగా ఉన్న పిల్లలు చిన్నబుచ్చుకోకుండా ఈ మాట ఎలా ఎత్తాలి? శనివారంలోపు చెబితే మేలు.