పైథాన్ పాఠాలు: ఒక్క క్లాసు పోతే మిగతావి అందట్లేదు, ఏం చేయాలి?

నమస్కారం అండీ. కోడింగ్ అసలు తెలియని డిగ్రీ పిల్లలకు పైథాన్‌లో డేటా అనాలిసిస్ చెప్తున్నాను. కోడింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ అనే సంస్థ పాఠాల వరుసే పట్టుకున్నాను. అందులో 60 మంది పేషెంట్ల 40 రోజుల కీళ్లవాపు లెక్కలున్న సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టిక) ముందు నంపై అనే పైథాన్ లెక్కల లైబ్రరీతో చదువుతారు, తర్వాత మాట్‌ప్లాట్‌లిబ్ అనే గ్రాఫుల లైబ్రరీతో గ్రాఫ్ గీస్తారు, ఆపైన లూప్ పెట్టి అలాంటి ఫైళ్లన్నిటికీ అదే పని చేయిస్తారు. ఒక పాఠంలోని కోడ్ మీదే తర్వాతది నిలబడుతుంది.

చిక్కంతా అక్కడే. ఒక్క క్లాసు ఎగ్గొట్టినవాళ్లు ఇక అందుకోలేకపోతున్నారు. ప్రతి క్లాసు మొదట్లో అప్పటిదాకా పూర్తయిన కోడ్ ఉన్న నోట్‌బుక్ ఫైలు ఇచ్చేయనా? అలా ఇస్తే సొంతంగా టైప్ చేయడం మానేస్తారేమోనని నా టెన్షన్. మీరెవరైనా ఇలా చేసి చూశారా?

ఇంకోటి. కీళ్లవాపు బదులు మన జిల్లాల వర్షపాతం పెడదామనుకున్నాను. గ్రాఫ్ మీద తెలుగు పేర్లు డబ్బాలుగా వచ్చాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెడితే అక్షరాలు కనబడుతున్నాయి గానీ ఒత్తులు విడిపోతున్నాయి. విండోస్ ల్యాబ్‌లో పనిచేసే ఉపాయం తెలిస్తే కాస్త చెప్పండి.