అప్‌డేట్: పెళ్లయి, పాప ఉన్నా సొరోరిటీలో చేరొచ్చా? చేరాను!

ఆగస్టులో అడిగిన ప్రశ్న ఇది: నాకు 31 ఏళ్లు, పెళ్లయింది, నాలుగేళ్ల పాప. టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి మారాను, సొరోరిటీలో (అమెరికా కాలేజీల్లో అమ్మాయిలు సభ్యులుగా ఉండే సంఘం) తీసుకుంటారా అని. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ముందు గ్రీక్ లైఫ్ ఆఫీసుకు (యూనివర్సిటీలో సొరోరిటీల వ్యవహారాలు చూసే ఆఫీసు) వెళ్లి అడుగు" అన్న సలహానే పనిచేసింది. పెళ్లి గురించి, వయసు గురించి మా క్యాంపస్‌లో రూలేమీ లేదట. ఫుల్‌టైమ్ అండర్‌గ్రాడ్ అయి ఉండాలి, జీపీఏ ఉండాలి, అంతే. కానీ నా పాత కాలేజీ మార్కులు సిస్టమ్‌లోకి ఎక్కనే లేదు, జీపీఏ గడి ఖాళీ! అసలు అడ్డంకి అదీ. నాది హెచ్4 (డిపెండెంట్) వీసా, ఆ టెన్షన్ మాత్రం అనవసరం, ఇదేమీ ఉద్యోగం కాదు కదా.

ఫాల్ సెమిస్టర్ రిక్రూట్‌మెంట్ అంటే పొద్దుట్నుంచి రాత్రి దాకా సొరోరిటీల ఇళ్లన్నీ తిరగడమే. పాపతో కుదరక వదిలేశాను. స్ప్రింగ్‌లో ఓపెన్ బిడ్డింగ్‌కి వెళ్లాను. అంటే ఖాళీలున్న చాప్టర్లు (క్యాంపస్‌లోని సొరోరిటీ శాఖలు) సెమిస్టర్ మధ్యలో కూడా పిలుస్తాయి. ఒకరు "నీకు టైమ్ ఉంటుందా?" అని అడిగి మళ్లీ పలకలేదు. ఇంకొకరు రెండుసార్లు కాఫీకి పిలిచి బిడ్ (చేరమని ఆహ్వానం) ఇచ్చారు.

బిడ్ ఒప్పుకునే ముందే సొరోరిటీ హౌస్‌లో ఉండి తీరాలా అని అడగండి. నాకు మినహాయింపు ఇచ్చారు, ఈమెయిల్‌లో రాయించుకున్నాను. ఫీజు వాయిదాల్లో కడుతున్నా.

నాకు దారి చూపించాల్సిన 'బిగ్' (సొరోరిటీలో అక్కలాంటి సీనియర్) వయసు 20. మా పాప ఆమెను అక్క అంటోంది, నేనేమనాలో ఇంకా తేల్చుకోలేదు.