అటక మీద దొరికిన ఎడిసన్ సిలిండర్లు: తుడవొచ్చా?

ప్రశ్న (బొబ్బిలి):
తాతగారి ఇల్లు సర్దుతుంటే ట్రంకుపెట్టెలో గుండ్రటి అట్టడబ్బాలు బయటపడ్డాయి. డబ్బాల మీద ఎడిసన్ బొమ్మ. లోపల గొట్టాల్లాంటివి, కొన్ని నల్లవి, కొన్ని నీలం. నల్లవాటి మీద తెల్ల మచ్చలున్నాయి. తడిగుడ్డతో తుడిచేయమంటోంది అమ్మ. తుడవొచ్చా?

జవాబు (విజయనగరం):
అమ్మగారిని కాస్త ఆపండి! అవి ఫోనోగ్రాఫ్ మెషీన్ మీద పాటలు వినడానికి వాడిన పాతకాలపు రికార్డులు, నల్లవి మైనంవి అయ్యుంటాయి. ఆ మచ్చలు బూజు అయ్యుంటాయి. అది మైనాన్ని తినేస్తుంది, పోయిన పాట మళ్లీ రాదు. మెత్తని పొడి బ్రష్‌తో పైపైన దులపండి, చాలు. ముక్కుకి మాస్క్ పెట్టుకోండి.

ఎత్తేటప్పుడు రెండు వేళ్లు గొట్టం లోపల పెట్టి, కొంచెం విడదీసి ఎత్తాలి. పైభాగాన్ని తాకొద్దు. చల్లగా ఉన్న మైనం చేతి వేడికే పగలొచ్చు.

నీలం రంగువి బ్లూ ఆంబరోల్, 1912 నుంచి 1929 దాకా వచ్చాయి. పైన సెల్యులాయిడ్ (పాతరకం ప్లాస్టిక్), లోపల ప్లాస్టర్. మన వానాకాలం చెమ్మకి ప్లాస్టర్ ఉబ్బితే మెషీన్ మీదికి ఎక్కవు. బలవంతం చేయొద్దు. నల్లవాటి అంచు మీద ఏం రాసుంది?

ప్రశ్న అడిగినవారు:
పాట పేరు, ముందు 4ఎం అని ఇంగ్లీషులో ఉందండి.

జవాబు (శ్రీకాకుళం):
అయితే 1908లో మొదలైన నాలుగు నిమిషాల మైనపు ఆంబరోల్. అంగుళానికి 200 గాడులు, పాత రెండు నిమిషాల వాటికి 100. పగలడంలో దీన్ని మించింది లేదు. బ్లూ ఆంబరోల్‌లో పాట పలికించడానికి మెషీన్‌కి వాడే వజ్రపు మొన దీని మీద పెడితే గీకేస్తుంది. డబ్బాల్లోనే, నిలువుగా, పొడిచోట ఉంచండి. అటక మీద మాత్రం వద్దు, ఎండాకాలం అక్కడి వేడికి మైనం వంకరపోతుంది.